పేరు రాయనక్కరలేదని చెప్పాను

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. డిగ్రీ అయ్యాక యువజన కార్యాలయంలో వలంటీరుగా చేరి రెండేళ్లయింది. నెలనెలా గౌరవ వేతనం ఇచ్చేవాళ్లు. అడిగిన వాళ్లకు ఉద్యోగమని చెప్పుకునేదాన్ని గానీ ఉద్యోగం కాదు. మా ఇల్లు ప్రొద్దుటూరులో. అక్కడి నుంచి జమ్మలమడుగు, పులివెందుల దాకా ఉన్న ఊళ్లు నా వంతు. కుట్టుమిషను తరగతులు పెట్టించడం, కబడ్డీ జట్ల పేర్లు రాసుకోవడం, అంతకు మించి ఎవరికీ కోపం తెప్పించే పని నేను చేసింది లేదు.

ఒకరోజు మా ఆఫీసరు అచ్చుకాగితాల కట్ట ఒకటి నా బల్ల మీద పెట్టాడు. దేశమంతటికీ ఒక యువజనాభివృద్ధి విధానం తయారవుతోందట. దానిలో ఏముండాలో ప్రజలనే అడుగుతున్నారట. మూడు చోట్ల సమావేశాలు పెట్టి, వచ్చినవాళ్ల చేత సొంత మాటల్లో రాయించి, ఆ కాగితాలను ఉన్నవి ఉన్నట్టు ఢిల్లీకి పంపాలి. పేరు రాయడం వాళ్ల ఇష్టం.

"మూడోది జమ్మలమడుగు అవతల, మైలవరం దారిలో పెట్టండి," అన్నాడాయన. ఆయన కోస్తా మనిషి, వచ్చి ఆరు నెలలే. "అటువైపు నుంచి ఎప్పుడూ ఏమీ రాదు కదా."

అటువైపు నుంచి ఎందుకు రాదో మా దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆయనకు చెప్పడానికి మొహమాటపడి ఊరుకున్నాను.

ప్రొద్దుటూరు సమావేశం నవ్వుతూ జరిగిపోయింది. కాలేజీ పిల్లలు పేజీలకు పేజీలు రాసి ఇచ్చారు. పులివెందులలో బత్తాయి తోట ఉన్న రైతుబిడ్డ ఒకడు లేచి, "చీనీచెట్లు ఎండిపోతాండాయి. బోర్లలో నీళ్లు లేవు. ముందు నీళ్లియ్యమని రాస్కో మేడం, యువత అభివృద్ధి దానంతట అదే అయితాది," అంటే అందరూ చప్పట్లు కొట్టారు. అదే రాయమన్నాను. రాశాడు.

మూడో ఊరు అట్లా లేదు. బస్సు దిగి బడి దాకా నడుస్తుంటే ప్రతి గోడ మీదా నీలిరంగు అక్షరాలు, ఆ ఊరి పెద్దాయన పార్టీకి ఓటెయ్యమని. అక్షరాలు మాత్రం ముచ్చటగా ఉన్నాయి. 'త' తోక కిందికి దిగి, మళ్లీ చుట్టుకుని పైకి లేచేది. ఎన్నికలు దగ్గరపడుతున్న రోజులు. ఊరు రెండు పార్టీలు, వాటి మధ్య పాత కక్షలు. రోడ్డుకు అవతల ఉన్నవాళ్లు బడికి రారని ముందే తెలిసింది. ఇవతలి వాళ్లు పందొమ్మిది మంది వచ్చారు. వసారా చివర పెద్దాయన మనుషులు ఇద్దరు నిలబడి ఉన్నారు, ఊరికే, చేతులు కట్టుకుని.

కాగితాలు పంచాను. ఎవరూ కలం ఎత్తలేదు. ముందు వరసలో ఉన్న ఒక అమ్మాయి మెల్లగా అడిగింది.

"పేరు రాయకపోతే ఎవురు రాసినారో తెలీదా అక్కా?"

"తెలీదు. పేరు రాయనక్కరలేదు. మీకు తోచింది ధైర్యంగా రాయండి," అన్నాను.

అంత తేలిగ్గా అనేశాను. అందరూ తలలు వంచి రాశారు. చివరి వరసలో గోళ్లకు నీలిరంగు అంటిన మనిషి ఒకడు, ఇరవయ్యారేళ్లుంటాయి, అందరికంటే ఎక్కువసేపు రాశాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చాడు.

బస్సు కోసం నిలబడి ఉంటే వసారాలో ఉన్న ఇద్దరిలో ఒకడు వచ్చాడు.

"పెద్దాయన ఆ కాయితాలు చూడల్లంటాండాడు."

"ఢిల్లీకి పంపాలండీ ఇవి."

"పంపుదువులే. ఎవురొద్దన్నారు? మంగళవారం పొద్దున తెచ్చి సూపిచ్చు. చూసినాక పంపుకో."

బస్సులో మడతలు విప్పి చదివాను. ఊరికి పొద్దున్నే బస్సు కావాలని, జమ్మలమడుగులో ఆడపిల్లలకు హాస్టలు కావాలని. ఆరో కాగితమో ఏడో కాగితమో విప్పగానే కిటికీ వెలుగుకు దగ్గరగా పట్టుకున్నాను. 'త' తోక కిందికి దిగి, చుట్టుకుని పైకి లేచింది. అంతసేపూ గోడల మీద చూస్తూ వచ్చిన అక్షరాలే అవి.

తాను బీకాం పాసయ్యానని రాశాడు. పోయినేడు ఊళ్లో గొడవ జరిగిన రోజున తాను ప్రొద్దుటూరులో పరీక్ష రాస్తున్నాడట. గొడవలో ఉన్నది పెద్దాయన తమ్ముడి కొడుకు. పోలీసులకు లొంగిపోయే వాళ్ల జాబితా పెద్దాయన ఇంట్లో తయారైనప్పుడు ఆ పిల్లవాడిని తప్పించి, వాడి బదులు తన పేరు ఇచ్చారట. జైలుకు పోయి బెయిలు మీద వచ్చాడు. తర్వాత ఒక సర్కారు ఉద్యోగం చేతిదాకా వచ్చి, పోలీసు విచారణలో కేసు బయటపడడంతో చేజారిపోయింది. ఇప్పుడు గోడలకు రంగు వేస్తున్నాడు. చివరన సూచన రాశాడు: "తప్పు చేసినాడని కోర్టు చెప్పేదాకా, కేసు ఉందనే కారణంతో చదువుకున్న వానికి ఉద్యోగం లేదనకూడదు. చెయ్యని తప్పును పేదవాని మీద వేసే పెద్దలను ఎవరో ఒకరు అడగాలి. ఈ మాట విధానంలో రాయండి."

పేరు రాయలేదు. నేను రాయనక్కరలేదన్నాను కదా. కానీ ఆ ఊళ్లో ఎవరికి చూపించినా ఒక్క చూపుకే చెబుతారు అది ఎవరి చెయ్యో. ఒక మనిషిని పట్టించే కాగితాన్ని ఒళ్లో పెట్టుకుని, బస్సులో వెనక ఎవరెక్కారో తిరిగి తిరిగి చూస్తూ ఇల్లు చేరాను.

ఆఫీసరుకు ఫోను చేస్తే, "చూపిస్తే పోతుంది కదా, గొడవెందుకు?" అన్నాడు. మా అమ్మకు చెబితే నెత్తి పట్టుకుని కూర్చుంది.

"యాల పోతివి మేయ్ ఆ ఊరికి? ఇంగ పోవద్దు. ఒంట్లో బాగలేదని ఇంట్లో పడుకో."

పోకపోతే వాళ్లు నన్ను వెతుక్కుంటూ రారు, నిజమే. కానీ ఆ పందొమ్మిది మందినీ నిలబెట్టి ఒక్కొక్కరినీ అడుగుతారు ఏం రాశారని. ఆ ముందు వరస అమ్మాయిని కూడా.

ఆదివారం పొద్దున ఒక ఉపాయం తోచింది. ఖాళీ అచ్చుకాగితాలు ఇంకా మిగిలి ఉన్నాయి. అమ్మ ఐదో తరగతి దాకా చదివింది. పక్కింట్లో బట్టలు కుట్టే సాయిబుల ఇంటి ఆడమనిషి ఉంది, నేను పిన్నీ అని పిలిచేదాన్ని. ఆమె తెలుగు బాగా రాస్తుంది. ముగ్గురం ముందుగదిలో కూర్చుని పెద్దాయనకు చూపించడానికి నకళ్లు రాశాం. అమ్మ లావు అక్షరాలు, పిన్ని వాలు అక్షరాలు, నేను కుడిచేత్తో కొన్ని, ఎడమచేత్తో కొన్ని.

ఆ ఒక్క కాగితం దగ్గరికి వచ్చేసరికి పిన్ని చదివి, కలం కింద పెట్టేసింది.

"ఇది ఎవురి చేత్తో రాసినా ఎవురి కతో తెలిసిపోతాది బిడ్డా."

నిజమే. అక్షరాలు మార్చగలను గానీ ఆ పరీక్షను, ఆ జైలును, ఆ తమ్ముడి కొడుకును ఎట్లా మార్చేది? చాలాసేపు కూర్చుని, చివరికి ఆ కాగితంలో నేనే రాశాను: "చదువుకున్న వాళ్లకు ఉద్యోగాలు ఇప్పించాలి." అంతే. రాస్తుంటే నాకే సిగ్గేసింది.

సోమవారం అసలు కాగితాలన్నీ కవర్లో పెట్టి, రిజిస్టరు చేసి ఢిల్లీకి పంపాను. పోస్టాఫీసు మెట్లు దిగుతుండగానే అనుమానం మొదలైంది. అసలువి కవర్లో పెట్టానా, నకళ్లు పెట్టానా? సంచి విప్పి చూశాను. నకళ్లే ఉన్నాయి. మళ్లీ ఇంటికొచ్చి చూశాను. మంగళవారం బస్సులో జమ్మలమడుగు చేరేలోపు ఇంకో రెండుసార్లు చూశాను. అయినా నమ్మకం కుదరలేదు. ఎక్కడో ఒక్క అసలు కాగితం మధ్యలో అతుక్కుని ఉండిపోయిందేమోనని.

పెద్దాయన ఇంటి ఇనుపగేటు దగ్గర నా సంచి చూసి లోపలికి పంపారు. వసారాలో పదిమంది దాకా ఉగ్గాని తింటున్నారు. పెద్దాయన మంచం మీద ఉన్నాడు, ఒక కంటికి పచ్చగుడ్డ కట్టుకుని. ఆపరేషన్ అయి నాలుగు రోజులైందట.

"కూర్చో పాపా. నాకు చదవనీకి కాదు. రేయ్, ఆ గోడలు రాసేటోన్ని పిలువు. వాడు బాగా చదువుతాడు."

నా ప్రాణం పోయినంత పనయింది. వాడు వచ్చాడు. చేతులకు నీలిరంగు అట్లాగే ఉంది. నా వైపు చూడలేదు. కాగితాలు తీసుకుని, పెద్దాయన కాళ్ల దగ్గర నాపబండల మీద కూర్చుని చదవడం మొదలుపెట్టాడు.

బస్సు కావాలన్న కాగితానికి పెద్దాయన, "నేనూ అడిగినా, ఇయ్యలా," అన్నాడు. హాస్టలు కాగితానికి తలూపాడు. ఒక్కో కాగితం తిప్పుతుంటే చదివేవాడి చూపు ముందే కింది కాగితం మీదికి పోవడం నాకు కనపడుతోంది. తన కాగితం ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాడు. నాకు చెప్పే దారి లేదు. కింద బండల మధ్య సందుల్ని చూస్తూ కూర్చున్నాను.

పందొమ్మిదోది చేతిలోకి వచ్చింది. అప్పటిదాకా రాలేదంటే ఇదే తనదని తెలిసుంటుంది. విప్పి చూసి ఆగిపోయాడు.

"ఏందిరా, ఆపేస్తివి?"

"అక్షరాలు అలుక్కపోయినాయి న్నా," అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని చదివాడు, "చదువుకున్న వాళ్లకు ఉద్యోగాలు ఇప్పించాలి."

"ఇంతేనా?"

"ఇంతే న్నా."

పెద్దాయన రెండో కన్ను నా మీద నిలిపాడు. "ఇంతమంది చదువుకున్నోళ్లు ఉన్నారు ఊర్లో. ఒక్కనికన్నా నా మీద కోపం లేదంటే నమ్మేదెట్ల పాపా?"

వసారాలో తినేవాళ్లంతా నా వైపు తిరిగారు.

"నేను చదవలేదండీ. రాయించి పంపేదే నా పని," అన్నాను.

ఆయన ఎంతసేపు చూశాడో. చివరికి నవ్వాడు. ఆయన నవ్వాక మిగతావాళ్లు నవ్వారు. "మజ్జిగ తాగి పో. రేయ్, పాపను బస్సెక్కించి రా," అని వాడికే పురమాయించాడు.

బస్సు దగ్గరికి నడిచేటప్పుడు రోడ్డు మీద ఎవరూ లేకపోయినా ఇద్దరం ఎడంగానే నడిచాం. ముందు వాడే మాట్లాడాడు.

"నేను రాసింది అది గాదు గదక్కా."

"అసలుది ఢిల్లీకి పంపేసినా. నీకేమన్నా అవుతుందని ఇక్కడికి మార్చి తెచ్చినా."

"పంపినావని ఎట్ల తెలుస్తాది?"

పోస్టాఫీసు రసీదు తీసి చూపించాను. వాడు దాన్ని రెండు వైపులా చూసి, "ఇది నేను పెట్టుకుంటా," అన్నాడు. ఇచ్చేశాను. బస్సు వచ్చింది.

ఆ తర్వాత నెలకోసారి మా ఆఫీసుకు వచ్చేవాడు. బయట వేపచెట్టు కింద నిలబడి, "జవాబు ఏమన్నా వచ్చినాదా అక్కా?" అని అడిగేవాడు. రాలేదని చెప్పేదాన్ని. వాడు వచ్చిన ప్రతిసారీ రోడ్డు మీద ఏ జీపు ఆగినా లేచి కిటికీలోంచి చూసేదాన్ని. ఇంకెప్పుడూ రావద్దని చెబుదామని నోటిదాకా వచ్చేది, చెప్పలేకపోయేదాన్ని. ఎన్నికల ముందు ఆ ఊళ్లో మళ్లీ గొడవలయ్యాయి. పోలీసులు మకాం వేశారు. వాడు రావడం మానేశాడు. పేపర్లో ఆ ఊరి వార్త వచ్చినప్పుడల్లా వేలితో ఒక్కో పేరూ వెతికేదాన్ని. ఢిల్లీ నుంచి జవాబు రాలేదు. విధానమైతే వచ్చిందని విన్నాను గానీ, ఆ పుస్తకం మా ఆఫీసుకు చేరలేదు. తర్వాత నాకు టీచరు ఉద్యోగం వచ్చింది.

చాలా ఏళ్లకు, బడి వార్షికోత్సవానికి బ్యానరు చేయిద్దామని ప్రొద్దుటూరులో ఒక ఫ్లెక్సీ దుకాణానికి వెళ్లాను. కంప్యూటరు ముందు కూర్చున్న మనిషి తలెత్తి, "ఏమక్కా, బాగుండావా?" అన్నాడు. జుట్టు సగం నెరిసింది. గొంతును బట్టి పోల్చుకున్నాను. ఒక్కసారిగా ఒళ్లంతా తేలికయింది. బతికే ఉన్నాడు.

టీ తెప్పించాడు. కేసు ఏమైందని అడిగాను.

"కొట్టేసినారు. రెండు పార్టీలోళ్లు రాజీ అయిపోయినారు, సాక్షి చెప్పనీకి ఒక్కడు రాలా. కొట్టేసే పొద్దుకు నాకు ఉద్యోగం వయసు దాటిపోయినాది." టీ గ్లాసు నా వైపు జరిపి అన్నాడు, "ఒక మాట చెప్తా, తప్పుగా అనుకోవద్దు. ఆ పొద్దు చదవమని పిలిచినారు గదా. దోవలోనే అనుకున్నా, నా కాయితం వచ్చినప్పుడు ఉన్నదున్నట్టు చదవల్లని. అందురి ముందర. ఏమైతే అది అయితాదని."

నేను టీ గ్లాసు కింద పెట్టాను. "చదివుంటే నిన్ను చంపేసేవాళ్లు."

"చంపేటోళ్లో, సిగ్గుపడేటోళ్లో. యాడ తెలుస్తాది? నువ్వు చదవనియ్యలేదు గదా."

కోపం లేదు ఆ మాటలో. లోపలి నుంచి ఎవరో పిలిస్తే లేచి వెళ్లాడు. నేను బ్యానరులో రాయాల్సిన మాటల కాగితం చేతిలో పట్టుకుని, వాడు తిరిగి వచ్చేదాకా అట్లాగే కూర్చున్నాను. వచ్చాక, బడి పేరులో ఒత్తులు జాగ్రత్తగా చూడమని చెప్పి, కాగితం వాడి చేతికిచ్చాను.