ఆకుపురుగు పిల్లల మీద పందెం

నా చిన్నప్పుడు మా వన్ టౌన్ ఇళ్లలో ఆడపిల్ల పెద్దమనిషి అయితే ఒక మూల చాప వేసి కూర్చోబెట్టేసేవారు. నా వంతు వచ్చేసరికి నేను ఏడో తరగతి. విడి కంచం, విడి గ్లాసు. ఎవరినీ ముట్టుకోకూడదు, గడప దాటకూడదు. వచ్చినవాళ్లు చిమ్మిలి ముద్ద ఇచ్చి, నన్ను ఎగాదిగా చూసి వెళ్లేవారు. హార్బరులో ఓడ కూత వినబడేదే గానీ, కిటికీలోంచి ఎదురింటి గోడ తప్ప ఇంకేమీ కనబడేది కాదు. పిచ్చెక్కినట్టుండేది.

అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి. మా నాయనమ్మ ఇక నన్ను బడికి పంపేది లేదంది. పెద్దమనిషి అయిన పిల్లకి చదువెందుకు, మేనత్త కొడుకు ఉండనే ఉన్నాడు, ముడిపెట్టేద్దాం అని మా నాన్నతో రోజూ అనేది. మా నాన్న పోర్టులో క్రేను నడిపేవాడు. అంతంత ఇనుమును ఎత్తే మనిషి తల్లి ముందు మాత్రం తలెత్తేవాడు కాదు. ఆ మాటలన్నీ వింటూ నేను గోడకేసి తిరిగి ఏడ్చేదాన్ని.

పక్కింటి అక్క కాలేజీలో జంతుశాస్త్రం చదివేది. ఒక మధ్యాహ్నం మూతికి గుడ్డ కట్టిన గాజుసీసా తెచ్చి, నన్ను తాకకుండా చాప పక్కన పెట్టింది. లోపల జామరెమ్మ మీద ఎర్రమట్టి రంగు పురుగులు వెనక భాగం పైకెత్తి కంగారుగా పరుగెడుతున్నాయి. ఆకుపురుగు పిల్లలట, పెరిగితే ఆకుల్లా కనబడతాయట. స్నేహితురాలు గుడ్లు ఇస్తే పెంచుకుంటోందట. ఆకుపురుగుల్లో చాలా జాతులున్నాయి, ఇవి ఏ జాతివో తేల్చాలి, నువ్వు రోజూ కనిపెట్టి చూడు అంది. నాకు అంతకన్నా పనేముంది? వాటిదీ నాదీ ఒకటే జైలు.

మా నాయనమ్మ వయసులో ఉన్నప్పుడు ఒడ్డున చేపలమ్మిన మనిషి. వలలో పడ్డ గోరంత పిల్లని చూసి అది ఏ చేపో చెప్పేసేదని పేరు. సీసాలోకి తొంగిచూసి, "ఇవేటి, సీమలే గదా" అంది. జామాకు తిని అవి పచ్చబడటం మొదలయ్యాక "కావు, మిడతపిల్లలు" అంది. అక్క నవ్వింది.

"మామ్మా, పందెమేసుకుందామా? ఇవి ఏ జాతో నువ్వు సెప్పేస్తే ఈ పిల్ల సదువు మానిపించినా నాను నోరెత్తను. అది తేలేదాకా మాత్రం ఇది బడికెల్తాది."

"ఓస్, ఇంతేనా! సముద్రంలో సేపల్నే పోల్చినదాన్ని, నాకు పురుగొక లెక్కేటి?"

నాయనమ్మ మాటంటే మాటే. స్నానం అయిన మర్నాడే బడికి వెళ్లాను. వెళ్లానే గానీ, ప్రతి సాయంత్రం నాయనమ్మ జాతి తేల్చేసిందేమోనని భయపడుతూ ఇంటికొచ్చేదాన్ని. నాయనమ్మ సీసా ముందే కూర్చుని ఉండేది. జామాకులు తనే తెచ్చి వేసేది. అవి తోలు విడిచినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పేది. అక్క పుస్తకం తెచ్చి, కాళ్ల అంచులూ పొట్ట వెడల్పూ పోల్చి, "ఆఖరి తోలు ఇడిసేదాకా ఏటీ సెప్పలేం మామ్మా" అనేది. ఆ పిల్లలు ఎప్పటికీ పెద్దవి కాకూడదని నేను దేవుడికి మొక్కుకున్నాను. పాపం, ఆ నోరులేని జీవాలు పెరిగితే నా చదువు ఆగిపోతుందని నా భయం.

అవి పెరగనే పెరిగాయి. ఈనెలతో సహా అచ్చం జామాకులే. అక్క చచ్చిపోయిన ఒకదాన్ని వాళ్ల లెక్చరరు దగ్గరికి పట్టుకెళ్లింది. తిరిగొచ్చేదాకా నేను గడప మీదే కూర్చున్నాను. రెండు జాతుల్లో ఏదో ఒకటి కావచ్చు, అందులో ఏదన్నది తానూ చెప్పలేనన్నాడట ఆయన.

నాయనమ్మ సీసా దగ్గరికి జరుపుకుని మళ్లీ ఒకసారి తొంగిచూసింది. తర్వాత నాన్నని పిలిచింది. "పెద్ద పెద్ద సదువులోళ్లకి పెరిగిన పురుగే అంతు సిక్కలేదట్రా. పెరగని పిల్ల సంగతి నానేటి తేల్సీగలను? ఎల్లనియ్యి బడికి."

అక్కకి మొదటి రోజే తెలుసట, పిల్లలుగా ఉన్నప్పుడు వాటి జాతి తేల్చడం ఎవరి వల్లా కాదని. తెలిసే పందెం వేశానని నా పెళ్లిలో చెప్పి పకపకా నవ్వింది.

నేను నర్సునయ్యాను. రిటైరయ్యేదాకా కాన్పుల వార్డులోనే పనిచేశాను. బిడ్డ ఇంకా కళ్లు తెరవకముందే చుట్టాలు చుట్టూ మూగేవారు. ఒకరు మొండిదనేవారు, ఒకరు తండ్రి పోలికనేవారు, ఇంకొకరు మళ్లీ ఆడపిల్లేనా అని మొహం ముడుచుకునేవారు. నేను బిడ్డని తల్లి ఒళ్లో పెట్టి, "ఇప్పుడే ఏటి తెలుస్తాది, పెరగనియ్యండి" అనేదాన్ని. అన్నప్పుడల్లా ఆ బిడ్డ మాటేమో గానీ, నాకు మాత్రం ఎవరో తలుపు తీసినట్టుండేది.