మా బావ నిలబడితేనే క్యూ

మా అక్క మొగుడికి క్యూలో నిలబడకుండా దొరికిన బీరు గొంతు దిగదు. ఎక్కువ చేసి చెప్పడం లేదు. ఇంట్లో ఫ్రిజ్ నిండా ఆయన తెచ్చుకున్న సీసాలే ఉంటాయి. అయినా ఒకటి తీసుకోవాలంటే, అక్క పాలగిన్నె లోపల పెట్టి పక్కకు జరిగేదాకా ఆమె వెనకాల చేతులు కట్టుకుని నిలబడతాడు. అక్క అక్కడ లేకపోతే పిలిపిస్తాడు. తన ముందు ఒక మనిషైనా లేకుండా తలుపు తీస్తే లోపలున్నది మామూలు బీరైపోతుందట.

బావ లిఫ్టులు బాగుచేసే మెకానిక్. సగంలో ఆగిన లిఫ్టులో జనం గోల పెడుతుంటే బయటినుంచి తాపీగా కబుర్లు చెబుతూ తలుపు తీసే మనిషి. అంత నిదానస్తుడూ శనివారం వచ్చేసరికి కాలుగాలిన పిల్లిలా తిరుగుతాడు. ఎందుకంటే మా ఊళ్లో చిన్న చిన్న బ్రూవరీలు పుట్టగొడుగుల్లా లేచాయి. ప్రతివాళ్లూ ఏదో ఒక కొత్తరకం బీరు కాస్తంతే చేసి, ఇది అయిపోతే మళ్లీ లేదని బోర్డు పెడతారు. ఆ బోర్డు చూస్తే బావకి ఒళ్లు తెలియదు. మడతకుర్చీ, ఫ్లాస్కు, గొడుగు పట్టుకుని బయలుదేరతాడు. ఒక్కడే పోతే పీడా పోయె. మనిషికి ఒక్క సీసాయే ఇస్తారని ఇంటిల్లిపాదినీ తోలుకుపోతాడు.

నేను కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తాను. వారమంతా వచ్చినవాళ్లందరిచేతా గోడమీది అక్షరాలు చదివించి, సెలవు రోజున కాస్త నడుం వాలుద్దామనుకుంటే పొద్దున్నే ఫోను. ఒకసారి జలుబు చేసిందన్నాను. ఎండలో నిలబడితే తగ్గిపోతుందన్నాడు. ఇంకోసారి కాలు బెణికిందన్నాను. మడతకుర్చీ నాకిచ్చి తను నిలబడ్డాడు. ఇక ఏం చెప్పి తప్పించుకుంటాం?

బావ వాళ్లమ్మ, మా అత్తయ్యగారు, జన్మలో బీరు చుక్క ముట్టిన మనిషి కాదు. ఊలు అల్లుకుంటూ ఆ క్యూల్లో కూర్చుని కూర్చుని ఆవిడ పండిపోయింది. ముందూ వెనకా కుర్రవాళ్లు మాట్లాడుకునేది వింటూ ఉండేది కదా, కొత్తవాళ్లెవరైనా ఏది బాగుంటుందని అడిగితే, "పోయినవారం దానికి నురగెక్కువ, నిలకడ తక్కువ నాయనా" అని తీర్పు చెప్పేది. వాళ్లు బుద్ధిగా తలలూపేవాళ్లు.

నిరుడు అక్కకి ఎనిమిదో నెల. ఆ కడుపుతోనే తీసుకొచ్చి నిలబెట్టాడు. కౌంటరు దగ్గరికి చేరేసరికి బావ గొంతు సవరించుకుని మూడు సీసాలు కావాలన్నాడు.

"మీరిద్దరే కదా సార్" అన్నాడు కౌంటరులో మనిషి.

"ముగ్గురం" అని బావ అక్క పొట్ట వైపు చూపించాడు.

"వయసు చాలదు సార్."

"పుట్టగానే తెచ్చి చూపిస్తాను. మాటంటే మాటే."

అక్క ఇంటికొచ్చేదాకా ఆయనతో మాట్లాడలేదు. వచ్చాక మాట్లాడింది. అదంతా ఇక్కడ రాయడానికి వీల్లేదు.

తెచ్చిన సీసాలు ఆదివారం సాయంత్రం ఆయన బీరు జట్టు ముందు తెరుస్తాడు. జట్టుకి పెద్ద ఒక పళ్ల డాక్టరు. గ్లాసులో ముక్కు ముంచి, ఇందులో తడిసిన తోలుందంటాడు, పాత చెక్కపెట్టె ఉందంటాడు. ఒకరోజు నాకు ఒళ్లు మండి, నా మొహం, ఆరని గోనెసంచి వాసనొస్తోందన్నాను. తలా ఒకసారి మళ్లీ వాసన చూశారు. "పట్టేసింది" అన్నాడు డాక్టరు ఎంతో గౌరవంగా. అప్పట్నుంచి ఏ సీసా తెరిచినా నాకు కబురు. తిడదామని నోరు తెరిస్తే గురుస్థానం అంటగట్టారు.

ఇంకోసారి ఫ్రిజ్‌లో చోటు చాలక, పళ్లరసం కలిపిన బీరు సీసాలు మంచం కింద దాచాడు. ఆ రకం చల్లగా ఉంచకపోతే లోపల మళ్లీ పులిసి పేలుతుందని ఆయన జట్టులో పసివాడికి కూడా తెలుసు. చేతికందిన సంబరంలో ఈయన మరిచాడు. మిట్టమధ్యాహ్నం ఢామ్మని పేలింది. మంచం మీద అత్తయ్యగారున్నారు. ఆవిడ ఊలు ఉండ పక్కన పెట్టి, నిలకడ తక్కువని ఎప్పుడో చెప్పానన్నారు.

ఇలాంటి మనిషికి మా వీధి చివర ఉన్న షెడ్డు కంటికి ఆనలేదు. టైర్ల కొట్టు వెనక రేకుల షెడ్డులో ఒక పెద్దావిడ బీరు తయారుచేస్తుంది. బడిలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైంది, అందరం టీచరమ్మ అంటాం. ఆవిడ బీరుకి వంకపెట్టడానికి లేదు, నాకే నచ్చిందంటే చూసుకోండి. చిక్కల్లా ఎప్పుడు వెళ్లినా దొరుకుతుంది. అడిగినంతా ఇస్తుంది, ఇంకొంచెం కావాలా అని కూడా అడుగుతుంది. అందుకే ఎవరూ వెళ్లరు. బావైతే దాన్ని "దొరికే బీరు" అనేవాడు, అదేదో తిట్టయినట్టు.

ఒకరోజు టీచరమ్మ అద్దాలు మార్చుకోవడానికి మా దుకాణానికొచ్చి దిగాలుగా కూర్చుంది. షెడ్డు టైర్ల కొట్టాయనదేనట. ఈ నెలాఖరుకి నలుగురు మనుషులు రావడం కనబడకపోతే ఖాళీ చెయ్యమన్నాడట, టైర్లు పెట్టుకుంటాడట. ఈ వయసులో ఇంకోచోటికి పీపాలు మోసుకుపోలేను, ఇంతటితో మానేస్తానంది. నాకు మనసు చివుక్కుమంది. సాయంత్రం అక్క వాళ్లింట్లో ఆ మాటే చెప్పాను. బావ తలెత్తకుండా తింటున్నాడు. ఆయనకేం పట్టిందిలే, దొరికే బీరు కదా అని ఒక చురక కూడా వేశాను. ఆయన ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

శనివారం యథాప్రకారం ఫోను. తిట్టుకుంటూ వెళ్లి చూద్దును కదా, మడతకుర్చీ టీచరమ్మ షెడ్డు ముందుంది. అందులో అత్తయ్యగారు, పక్కన బావ, వెనక పిల్లనెత్తుకుని అక్క, ఆ వెనక పళ్ల డాక్టరు. నన్ను చివర నిలబెట్టారు. ఎదురుగా షెడ్డు తలుపు బార్లా తెరిచుంది. లోపల ఈగ కూడా లేదు.

టీచరమ్మ కంగారుగా బయటికొచ్చింది. "ఎండలో ఎందుకు బాబూ, లోపలికి రండి. బోలెడంత ఉంది."

"వద్దండీ, మేం క్యూలో ఉన్నాం" అన్నాడు బావ. "మీరు తలుపేసుకోండి. కాసేపాగి కొంచెం తెరవండి. మనిషికో సీసా ఇవ్వండి. మధ్యాహ్నానికి అయిపోయిందనండి."

"అయిపోదు కదా. పీపాలు నిండుగా ఉన్నాయి."

"ఉన్నాయని ఎవరికీ చెప్పకండి."

"ఇన్నేళ్లు పిల్లలకి పాఠాలు చెప్పి ఇప్పుడు అబద్ధాలాడమంటారా? నా వల్ల కాదు."

చివరికి ఉందనీ లేదనీ అనకుండా తలుపు మాత్రం వేసుకోవడానికి ఒప్పుకుంది. ఒప్పుకుందన్న మాటే గానీ, మాటిమాటికీ తలుపు తీసి ఎవరికైనా మంచినీళ్లు కావాలా అని అడిగేది. ఆవిడ తల బయటపెట్టినప్పుడల్లా బావ గుండె పట్టుకునేవాడు.

పార్సిలు పట్టుకున్న మనిషొకడు వచ్చి, కొరియరాఫీసు ఇదేనా అన్నాడు. కాదన్నాం. మరి ఈ క్యూ దేనికన్నాడు. చెప్పకూడదన్నాడు బావ. అంతే, పార్సిలుతో సహా నా వెనక నిలబడ్డాడు. కుక్కను తిప్పుతున్న దంపతులు ఆగారు. కాలేజీ అమ్మాయిలు ఆగారు. ఏమిటా ప్రత్యేకత అని ఒకామె అడిగితే, "నేను బీరు ముట్టనమ్మా, అయినా దీనికోసం వచ్చాను" అన్నారు అత్తయ్యగారు. అందులో అక్షరం అబద్ధం లేదు. ఆ మాట నోటినోటా పాకి, క్యూ టైర్ల కొట్టు దాటి మలుపు తిరిగింది.

టీచరమ్మ తలుపు ఓరగా తీసి మనిషికో సీసా ఇవ్వడం మొదలుపెట్టింది. వచ్చిన ప్రతివాణ్నీ బావ తన ముందుకు పంపేస్తున్నాడు. ఆయన వెనకబడుతుంటే మేమూ వెనకబడుతున్నాం. ఇంతలో ఊళ్లోకెల్లా పేరున్న బ్రూవరీ నడిపే బట్టతలాయన వచ్చి నా పక్కన చేరాడు. ఈయన సీసాల కోసమే నిరుడు వానలో తడిసి ముద్దయ్యాం. మీకేం ఖర్మండీ, మీరే తయారుచేస్తారు కదా అన్నాను.

"మీ బావగారు రమ్మంటే రాకుండా ఎలాగమ్మా?" అన్నాడు. "మేం తెరిచినరోజు పురుగు రాలేదు. ఆయన మా లిఫ్టు చూడ్డానికొచ్చి, ఖాళీ కుర్చీలు చూసి, ఇంటికెళ్లి వాళ్లమ్మగారినీ మీ అక్కగారినీ తెచ్చి గుమ్మం ముందు నిలబెట్టారు. మనిషికో సీసా అన్న బోర్డు కూడా ఆయన రాసిందే. ఒక్క మాకే అనుకోకండి. ఊళ్లో సగం మందికి మొదటి క్యూ మీ కుటుంబమే."

ఇన్నాళ్లూ పిచ్చికి తోడుగా లాక్కెళుతున్నాడనుకున్నాను. ఆయనేమో దుకాణాలు నిలబెడుతున్నాడు. ముద్దొచ్చాడు, కోపమూ వచ్చింది.

"మాకో మాట చెప్పొచ్చు కదా బావా?"

బావ బుర్ర గోక్కున్నాడు. "ఒక్కడు నిలబడితే పిచ్చోడంటారు మరదలా, నలుగురు నిలబడితే క్యూ అంటారు. మీకు చెబితే నటిస్తారు. నీ మొహంలో ఆ విసుగుంది చూశావూ, అది నిజంగా నిలబడ్డవాళ్లకే వస్తుంది. ఎప్పుడడిగినా ఉంటుంటే టీచరమ్మకి బాగానే నడుస్తోందనుకున్నాను. మొన్న నువ్వు చెప్పేదాకా తెలీదు."

"మరి ఫ్రిజ్ ముందు అక్క వెనక నిలబడతావే, అదెవరి కోసం?"

"అదా... అది మామూలు పిచ్చే" అన్నాడు నిజాయితీగా.

టైర్ల కొట్టాయన తన కొట్లోకి తను పోదామంటే దారి లేదు. ఏమిటీ గోల అని ముందుకొస్తే, వెనక్కెళ్లి నిలబడమని జనం కసిరారు. కాసేపు గింజుకుని, అందరూ ఇంతలా నిలబడ్డారంటే ఏదో ఉండే ఉంటుందని తనూ మా వెనక నిలబడ్డాడు.

ఎండ వాలుతుండగా తలుపు పూర్తిగా తెరుచుకుంది. టీచరమ్మ కొత్త కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"అయిపోయింది" అంది. "ఒట్టు, నిజంగానే అయిపోయింది."

జనం అయ్యయ్యో అన్నారు, మళ్లీ ఎప్పుడని ఎగబడ్డారు. బావకి సీసా దొరకలేదు. మాకెవరికీ దొరకలేదు. టైర్ల కొట్టాయన ముందుకొచ్చి నసిగాడు. షెడ్డు సంగతి మరిచిపొమ్మన్నాడు, టైర్లు ఇంకెక్కడైనా పెట్టుకుంటానన్నాడు. వచ్చే శనివారం తనకి మాత్రం ఒక సీసా ముందే తీసి పక్కన పెట్టమన్నాడు.

టీచరమ్మ అద్దాలు పెట్టుకుని ఆయన్ని ఎగాదిగా చూసింది. "అలా కుదరదు నాయనా. పొద్దున్నే వచ్చి క్యూలో నిలబడు."