బురదలో బూట్లు

కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో నాకు చోటుందో లేదో రేపు తేలుతుంది. వారమంతా పరిగెత్తించి కాళ్లు నావి కాకుండా చేశారు. ఈ రోజు వానకు మైదానం బురదైంది. అలసటలో, ఊళ్లో వరి నాటుకు దిగుతున్నట్టే, మైదానం గీత దగ్గర బూట్లు విప్పేసి దిగాను.

"ఏనమ్మా, ఈడికి నాటేకి వచ్చినావా?" అన్నారు కోచ్ సార్. అందరూ నవ్వారు. నాకు శిక్షగా అదనపు పరుగు పడింది.

మా ఊరు సిరిగేరి చేరి అమ్మకు చెప్పాను. తనూ నాటు నుంచి అప్పుడే వచ్చి నడుం పట్టుకుని కూర్చుంది.

"బురదలేకి బూట్లేసుకోని ఎవురన్నా దిగుతారా? ఆ సారుకేం తెల్సు!" అని కోప్పడింది. కాసేపటికి, "రేపు గూడా పోవల్లా అమ్మీ?" అంది.

"నువ్వు నాటుకు పోవా?"

"పోకుంటే ఎట్లా?"

నాకూ అంతే. రేపు బూట్లు విప్పకపోతే చాలు. మీ కాళ్లు కూడా ఎప్పుడైనా మిమ్మల్ని అడగకుండా పాత అలవాటుకు పోయాయా?