రెండైన మాటల సద్ది

అరుంధతి టీచరుకు కోపం ముక్కు మీదనే ఉంటది. ప్రేమ గూడ ఆడనే జర కిందికి ఉంటది గని, కోపం ముంగట నిలవడి దాన్ని కనవడనియ్యదు. ఈ సంగతి తెల్సి ఆమెతోని పనిచేసినోళ్లల్ల ద్వాళి ఒకతె. అసొంటి ద్వాళే ఆమెను ఇడిసి ఏరువడి పోయింది.

జనగామల రైలు పట్టాల అవతల వాళ్లది రెండర్రల ఇల్లు. తల్లి మరియమ్మ, బిడ్డ అరుంధతి, ఇద్దరే ఉండేటోళ్లు. అరుంధతి పొద్దుగాల్నే నర్మెట్ట బస్సెక్కి, దిగినంక మైలు దూరం నడిచి తండా బడికి పోయేది. ఆమె కొలువుల చేరిన ఏడాది ఒకటో తరగతిల పదకొండు మంది లంబాడోళ్ల పిల్లలు గోడకు ఆనుకోని కూసున్నరు. ఆమె తెలుగు వాళ్లకు తెల్వదు, వాళ్ల మాట ఆమెకు తెల్వదు. నీళ్లు తాగుతవా బిడ్డా అంటె గూడ బిక్కమొకం వెట్టేటోళ్లు. నెల రోజులు చూసింది, ఇంటికొచ్చి ఏడ్చింది. డిగ్రీల కంప్యూటర్ చదివింది గదా, ఆఖరికి ఏడ్చుడు బందువెట్టి సెకండ్‌హాండ్ ల్యాప్‌టాప్ ఒకటి కొని, ఒక చిన్న ప్రోగ్రాం రాసింది. తెర మీద ఆవు బొమ్మనో, కుండ బొమ్మనో నొక్కితె దాని పేరును కంప్యూటర్ ముందుగాల లంబాడీల, ఎన్క తెలుగుల పలుకుతది. దానికి మాటల సద్ది అని పేరు వెట్టింది.

రాసిన కోడునంత ఇంటర్నెట్ల తెరిచిపెట్టింది. ఎవలన్న తీస్కోవచ్చు, తమకు కావల్సినట్టు మార్చుకోవచ్చు, అడిగే పనే లేదు. మార్చినదాన్ని మల్ల నలుగురికి తెరిచిపెడితె సాలని కింద రాసింది. అట్ల చూసి దొరికినోడే భూపాలపల్లి ప్రదీప్. బొగ్గుబాయి కార్మికుని కొడుకు, కోడుల ఎక్కడ తప్పున్నా పట్టేటోడు. అట్లనే ద్వాళి వచ్చింది. మహబూబాబాద్ దగ్గరి తండాల విద్యా వాలంటీరు, ఇరవై నాలుగేండ్ల పిల్ల. తండాలన్ని తిరిగి సెల్‌ఫోన్ల గొంతులు రికార్డు చేసి, ఆదివారమాదివారం రైలెక్కి జనగామకు తెచ్చేది. మరియమ్మ చర్చి నుంచి వచ్చి కోడికూర వండేది. అరుంధతి, ద్వాళి ఒక్క మంచం మీద కూసోని, ఒకటే ఇయర్‌ఫోన్‌ను చెరొక చెవిల వెట్టుకోని పొద్దుమీకిందాక ఇనేటోళ్లు. ఎన్కనుంచి మేక అరిచిందనో, ఎవలో ముసలాయన దగ్గిండనో ఇద్దరు కడుపుబ్బ నవ్వుకునేటోళ్లు. మూడేండ్లు గిట్లనే గడిచినయి. అరుంధతి బతుకుల అసొంటి ఆదివారాలు ముందుగాల లేవు, ఎన్క రాలే.

ఒక్కటే ఖాయిదా. అరుంధతి చెవిల వడకుండ, ఆమె సరే అనకుండ ఒక్క మాట గూడ సద్దిల చేరొద్దు. నాలుగు బడులప్పుడు మంచిగనే నడిచింది. అరవై బడులు అయినంక ఒక్క చెవి యాడ సాలుతది? ద్వాళి తెచ్చిన గొంతులు నెలలు నెలలు పడి ఉంటుండె. ఇంకో ఇద్దరికి అప్పజెప్పక్కా అని ప్రదీప్ ఫోన్ల నెత్తి కొట్టుకున్నడు. వద్దు, పాడుచేస్తరు అన్నది. తను లేకపోతె సద్ది పులిసిపోతదని ఆమె నమ్మకం.

ద్వాళి తండాల సక్రి అనే ముసలవ్వ ఉంది. రెండొందల మాటలు ఆమెతోనే చెప్పిచ్చి తెచ్చింది ద్వాళి. అరుంధతి పది ఇని ఇయర్‌ఫోన్ తీసింది.

"నోట్ల పండ్లు లేవు, మాట జారిపోతున్నది. సక్కగ మాట్లాడేటోళ్లతోని చెప్పియ్యి" అన్నది. తనే కాలేజీ పిల్లనొకదాన్ని దేవులాడి, ఆ రెండొందలు మల్ల చెప్పిచ్చింది. ద్వాళి ఎన్క రెండు ఆదివారాలు రాలే. సమ్మె రోజులు గదా అని అరుంధతి సమజు చేసుకున్నది.

అవును, అప్పుడు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. బస్సులు లేవు, బడులు లేవు, బొగ్గు బాయిలు బంద్. ప్రదీప్ తండ్రి గూడ సమ్మెలనే ఉన్నడు. జనగామ చౌరస్తల వంటావార్పు వెట్టిన్రు. రోడ్డు నడుమ పొయ్యిలు, పొయ్యిల మీద పెద్ద పెద్ద గంజులు. అరుంధతి మైకు పట్టుకున్నదంటె చౌరస్త చౌరస్త చెవొగ్గేది. ఆ రోజు గూడ అందుకున్నది.

"టీచర్ ట్రైనింగ్‌ల సారు నన్ను నిలవెట్టి, ఏం యాస అది, సరిగ్గా మాట్లాడు అన్నడు. క్లాసంత నవ్వింది. ఇరవై ఏండ్ల పిల్లను, ఆ నవ్వు ఇంక నా చెవులనే ఉన్నది. మా ఇల్లు మేం నడుపుకుంటం అంటున్నం. మీతోని ఏమైతది అంటున్నరు అవతలోళ్లు. కానియ్యిన్రి, మా కూడు మేమే మాడగొట్టుకుంటం, అదైనా మాదే గదా" అన్నది. చప్పట్లే చప్పట్లు.

దిగి గంటె పట్టేసరికి, ఉల్లిగడ్డలు కోసేటోళ్లల్ల ద్వాళి కనవడ్డది. ఆ రోజు రైళ్లు నడిచినయి, వచ్చింది. అరుంధతి మొకం వెలిగిపోయింది.

"ఎప్పుడొచ్చినవే?"

"నువ్వు మాట్లాడుతున్నప్పుడే అక్కా. మంచిగ చెప్పినవు." ద్వాళి కత్తి పక్కకు వెట్టింది. "మా తండాలోళ్లం పదిమందిమి కూసోని మాట్లాడుకున్నం. మాటల సద్దిని మేం ఏరుగ నడుపుకుంటమక్కా."

అరుంధతికి ముందుగాల సమజు కాలే. సమజు అయినంక నోరు ఆగలే.

"ఏరుగనా? ఏం తక్కువ చేసిన నేను? రాసింది నేను, బడి బడి తిరిగి పెట్టింది నేను. కలిసుంటె మీకేం నష్టమైంది? మీతోని నడుస్తదా అది?"

అని, గంటె పట్టుకోని అట్లనే నిలవడ్డది. ఈ మాటలు ఆమెకు కొత్తయి గావు. రోజు టీవీల వింటున్నవే, ఇని టీవీని తిడుతున్నవే. తనదాక వస్తెగని తెల్వదంటరు పెద్దలు. పాపం, తనదాక వచ్చినా ఆమె ఒప్పుకోలే. ఏరు దాటినంక తెప్ప తగలేస్తున్నవు అని ఇంకోటి గూడ అన్నది.

ద్వాళి కండ్లల్ల నీళ్లు. అవి ఉల్లిగడ్డలవి గావు.

"అడగకుండనే తీస్కోవచ్చని నువ్వే రాసినవు గదక్కా. అయినా అడిగి పోదామని వచ్చిన. సక్రవ్వ మాట సక్కగ లేదన్నవు. మా పిల్లలు ఆ గొంతుతోనే నిద్రపోతరు, ఆ గొంతుతోనే లేస్తరు. మాకు అదే సక్కగ ఇనవడ్తది."

లేచి, చేతులు కడుక్కోని, స్టేషన్ దిక్కు నడిచింది. ఆ పగలు అరుంధతి మూడొందల మందికి వడ్డించింది. ద్వాళిని ఒక్కదాన్ని తిని పొమ్మని అనలే. ఆ ఒక్క మాట అననందుకు ఎన్నేండ్లు కుమిలిందో ఆమెకే తెలుసు.

అటెన్క సద్దులు రెండైనయి. ప్రదీప్ ముందుగాల రెండు దిక్కుల ఉంటనన్నడు, మెల్లగ అటే పోయిండు. వాళ్లు ఎట్ల నడుపుతున్నరని ఒకసారి ఆమే అడిగింది, అడగనట్టు. ప్రదీప్ చెప్పిండు.

"తండాకు పెద్దయినా నాయక్ ఒక్కడే తీర్పు చెప్పడక్కా, అందరు కూసోవాలె. గిది గూడ గంతే. ఏ గొంతు వచ్చినా రెండు తండాలోళ్లు ఇని సరేనంటె చేరుతది. ద్వాళి లేకున్నా నడుస్తది. జ్వరమొచ్చి నెల రోజులు పండుకుంటె గూడ ఆగలే. ఇప్పుడు నలభై మందిమి అయినం."

ద్వాళి లేకున్నా నడుస్తది అన్న మాట అరుంధతికి ఆ రాత్రి నిద్ర పోనియ్యలే. ఆమె సద్దిల ఏడాదికి ఒక్క కొత్త మాట చేరలే. చేర్చేటోళ్లే లేరాయె.

మరుసటి ఏడాది తన బడిల నీలి అని ఒకటో తరగతి పిల్ల చేరింది. మూడు నెలలైనా నోరిప్పలే. అరుంధతి తన సద్ది చూపెట్టింది, కాలేజీ పిల్ల గొంతు సాఫ్‌గ పలికింది, నీలి అటు మొకం తిప్పుకున్నది. ఒకరోజు అరుంధతి ఎవలు చూడకుండ ద్వాళి వాళ్ల సద్దిని ఇంటర్నెట్ల నుంచి దింపి, రొట్టె బొమ్మ నొక్కింది. పండ్లు లేని సక్రవ్వ గొంతు బాటి అన్నది. నీలి లేచి వచ్చి, కంప్యూటర్‌కు మొకం దగ్గర వెట్టి, వాళ్ల మాటల గుక్కతిప్పుకోకుండ ఏందేందో చెప్పవట్టింది. అన్ని సమజు గాకపోయినా అరుంధతికి సిగ్గయింది, సంతోషమయింది, ద్వాళి పక్కన లేదన్న బాధ అన్నిటికన్న మీదికొచ్చింది. ఫోన్ తీసింది, మల్ల లోపల వెట్టింది. తప్పొప్పుకునుడు ఆమెకు చిన్నప్పటి సంది చేతగాదు.

ఆదివారం వచ్చిందంటె మరియమ్మ, ఆ పిల్ల రాదానే అని అడిగేది. పని ఎక్కువున్నదట అనేది అరుంధతి. రైలు కూత ఇనవడ్డప్పుడల్ల మాత్రం కిటికీ దిక్కు చూసేది.

రెండువేల పద్నాలుగు, జూన్ రెండో తారీకు. రాష్ట్రమొచ్చింది. చౌరస్తల డప్పులు, గులాలు, మిఠాయిలు. అరుంధతి గూడ ఆడింది, అరిచింది. మనిషికి మనిషి అలాయ్‌బలాయ్ ఇచ్చుకుంట గుండెకు హత్తుకుంటుంటె ఉన్నట్టుండి ఏడుపందుకున్నది. సంతోషం పట్టలేక ఏడుస్తున్నదని తోటి టీచర్లు భుజం తట్టిన్రు. అవతల రాష్ట్రంల ఎవలో ఒకలు, మేమేం తక్కువ చేసినం అనుకుంట కూసున్నరు గావచ్చు అని ఆమెకు తట్టింది. వాళ్ల కడుపుల బాధ ఆ సంబురంల ఆమెకు ఒక్కదానికే తెల్సు.

అప్పుడే ఫోన్ మోగింది. ద్వాళి.

"అక్కా, తెలంగాణ వచ్చింది."

"వచ్చిందే" అన్నది అరుంధతి. కోపం ఎటువోయిందో, దాని కిందున్నది బయటికొచ్చింది. "నువ్వే రాకపోతివి."

అవతల డప్పుల చప్పుడుకు ద్వాళి గొంతు పెంచింది.

"మూడేండ్ల సంది నేనే రావాలని చూస్తున్నవా అక్కా? నువ్వు రా. ఈ ఆదివారం మహబూబాబాద్ల అందరం కూసుంటున్నం. పనిచేసేటోళ్లు సాలుతలేరు."

"ఆడ నేనేం చెయ్యాలె?"

"అందరు చేసేదే. కూసోని ఇనాలె."

అరుంధతి పైటకొంగుతోని మొకం మీది గులాలు తుడుచుకున్నది.

"ఏ బండికి రమ్మంటవ్?" అన్నది.