అక్క కట్టిన చంద్రగిరి కోట

తడి బంకమట్టి వాసన తగిలితే నాకు అక్క గుర్తొస్తుంది. తొమ్మిదో తరగతిలో ఉండగా పెద్దమనిషి అయిందని అవ్వ పట్టుబట్టి అక్కను బడి మాన్పించింది. అప్పట్నుంచి నాయనే ఇంట్లో ఆమెకు చరిత్రతో సహా పాఠాలన్నీ చెప్పేవాడు. ఇద్దరూ కలిసి పెరట్లో మట్టితో చంద్రగిరి కోట కట్టారు, చింతగింజలను సైనికులుగా నిలబెట్టారు. రోజూ బడికి పోవలసిన నాకు అక్కను చూస్తే అసూయగా ఉండేది.

కోట పూర్తయిన రోజు అక్క అడిగింది. "నాయనా, పాఠాలన్నీ నేర్చుకున్నా గదా. పరీక్షకన్నా పంపిస్తావా?"

నాయన వేళ్లకంటిన మట్టి గీక్కున్నాడు. "అవ్వ ఒప్పుకోదు పాపా" అన్నాడు.

అక్క ఇక ఎక్కడికీ పోదని నాకు సంబరమైంది. పరుగున వెళ్లి ఆ మాట ఆమెకే చెప్పాను.

"అవును, ఈడే ఉంటాలే" అంది అక్క.

నేను ఆమెతో ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనుకుంటాను.