వరద లేని పాలసీ

చంపాపేట్‌లో మా చీరల దుకాణం సెల్లార్‌లో ఉండేది. ఒక వానాకాలం నాలా పొంగి, నీళ్లు మెట్ల మీదుగా లోపలికి దిగాయి. పోచంపల్లిలో మా అన్న నేసి పంపిన పట్టుచీరలన్నీ బురదలో నానిపోయాయి.

బీమా ఉంది కదా అని ధైర్యంగా ఉన్నాను. నష్టం చూడడానికి వచ్చిన అధికారి కాగితాలు తిరగేసి, "ఇది అగ్నిప్రమాదానికి, దొంగతనానికి మాత్రమేనమ్మా. వరద రాయలేదండి," అన్నాడు. ఏళ్ల తరబడి కట్టాను గానీ ఒక్కసారైనా చదవలేదు. నా మీద నాకే కోపం వచ్చింది.

"ఇగ దుకాణం బంద్ చేద్దామా?" అన్నాడు మా ఆయన.

"ఎందుకు బంద్ చేస్తం? ఈసారి చదివి సంతకం పెడతా," అన్నాను.

చీరలు ఉతికి డాబా మీద ఆరేశాం. మరకలు లేని చోట కత్తిరించి జాకెట్ ముక్కలుగా అమ్మాం. ఆ డబ్బుతో వరద కూడా ఉన్న పాలసీ తీసుకున్నాను. సరుకు పెట్టడానికి పైఅంతస్తులో ఒక గది కిరాయికి తీసుకున్నాను.

పక్క దుకాణంలో బట్టలు కుట్టే ఆమె తన కాగితాలు తెచ్చి, "అక్కా, జర నాది గూడ చూడు," అంది. అందులోనూ వరద లేదు. ఆ రోజే ఆమెను వెంటబెట్టుకుని వెళ్లి మార్పించాను.

రెండేళ్లకు మళ్లీ నీళ్లొచ్చాయి. నా బల్లలు, ఆమె మిషన్లు మునిగాయి. చీరలు మాత్రం పైన భద్రంగా ఉన్నాయి. బీమా డబ్బు ఇద్దరికీ అందింది. ఆమె కొత్త మిషన్లు కొని, నాకంటే ముందే షట్టర్ ఎత్తింది.