ఎవరు ఎవర్ని ఆశపెట్టారు?

2022 ఎండాకాలం. నరసాపురంలో కోర్టు ఎదురుగా నాది జాబ్ టైపింగ్ షాపు. పిటిషన్ ఇంగ్లీషులో ఉంటే బరువుగా ఉంటుందని మా వైపు జనానికి ఓ నమ్మకం. ఆ నమ్మకమే నాకు అన్నం పెడుతోంది.

ఆ రోజు వెంకన్న అనే ఆయన రుసరుసలాడుతూ వచ్చాడు. "మా చెల్లి ఇల్లొదిలేసి స్నేహితురాలి ఇంట్లో కూర్చుందండీ. రేవులో వలలు బాగుచేసే సత్తిబాబు మాయమాటలు చెప్పి మనసు విరిచేశాడు. గట్టిగా ఇంగ్లీషులో కొట్టండి, స్టేషన్లో ఇస్తాను" అన్నాడు.

ఇలాంటి వాటికి మా వృత్తిలో రెడీమేడ్ మాట ఒకటుంది: 'వాజ్ ఎన్‌టైస్డ్ బై ఫాల్స్ ప్రామిసెస్'. అంటే లేనిపోని ఆశలు పెట్టి లాగేశాడని. చెల్లెలి వయసు అడిగాను. నలభై దగ్గరట, భర్త పోయి చాలా కాలమైందట. నలభై ఏళ్ళ మనిషిని ఆశపెట్టి లాగేయడమేంటో నాకు బోధపడలేదు. అయినా కొట్టిచ్చాను.

మర్నాడు ఆ చెల్లెలే వచ్చింది. పేరు నాగమణి, లేసు అల్లుతుంది.

"మేస్టారండీ, ఆయన నన్ను ఆశపెట్టాడని ఇంగ్లీషులో రాశారంట. స్టేషన్లో చదివి చెప్పారు. అది అబద్ధమండీ. నాకూ ఓ పిటిషన్ కొట్టిపెట్టండి."

"మీ ఇష్టంతోనే ఆయనతో వెళ్ళారని రాయనా అమ్మా?"

"నేనెక్కడికీ వెళ్ళలేదండీ. అన్నయ్య తిట్టాడని ఇల్లొదిలాను, అంతే."

"పోనీ, పెళ్ళి చేసుకుంటానని ఆయన మాటిచ్చాడా?"

"లేదండీ. నేనే అడిగాను."

నాకు తల తిరిగింది. "అయితే ఆయన్ని మీరే ఎన్‌టైస్ చేశారన్నమాట!"

"అలా రాస్తే ఆయన్ని వదిలేస్తారాండీ?" అంది ఆశగా.

"అసలు ఆయనేమన్నాడు?"

"ఆలోచించుకుని చెబుతానన్నాడండీ. ఇంతలో అన్నయ్య స్టేషన్‌కి ఈడ్చాడు. ఇప్పుడు భయపడి వద్దంటాడేమో" అని కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఆశపెట్టిందెవరు, పడిందెవరు, ఇందులో నేరమేంటి? ఎంత బుర్ర గోక్కున్నా తేలలేదు. నా దగ్గరున్న రెడీమేడ్ మాటల్లో ఒక్కటీ ఈవిడకి సరిపోలేదు. చివరికి ఆవిడ చెప్పింది చెప్పినట్టు కొట్టాను: 'ఐ ఆస్క్‌డ్ హిమ్. హీ ఈజ్ స్టిల్ థింకింగ్.' అడిగింది నేను, ఆయనింకా ఆలోచిస్తున్నాడు అని.

సాయంత్రం సత్తిబాబు వచ్చి షాపు ముందు నిలబడ్డాడు. పోలీసులు పంపించేశారట. "ఆవిడేం రాయించిందండీ?" అన్నాడు. నా దగ్గరున్న కాపీ చదివి తెలుగులో చెప్పాను. మనిషి తలొంచుకుని భుజం మీది తువ్వాలు మెలిపెట్టాడు. కోపమో సిగ్గో తెలియలేదు. కుదరబోయే పెళ్ళిని నా టైపింగే చెడగొట్టిందేమోనని భయమేసింది.

"మొదటి ముక్క నిజమేనండీ" అన్నాడు చివరికి. "రెండోది తీసేయండి. ఆలోచించడం అయిపోయింది. పిటిషన్లో అడ్రసుంటుంది కదా, ఆవిడ ఏ ఇంట్లో ఉందో చెప్పండి, వెళ్ళి సరేనని చెప్పాలి."

ఆ ఎన్‌టైస్డ్ అనే మాట ఇప్పటికీ కొడుతూనే ఉన్నాను, ఈ వృత్తిలో తప్పదు. కాకపోతే కొట్టేముందు, ముందు అడిగిందెవరో కనుక్కుంటున్నాను.